బస్సిల్లు

ఆ మనిషికి పేరు లేకపోలేదు. కానీ పనిచేసే చోట అందరూ సోఫా అనే పిలిచేవాళ్ళు. పిలవగా పిలవగా, ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వస్తే తప్ప అసలు పేరు అతనికే గుర్తొచ్చేది కాదు. పాత సోఫాలకు బట్ట మార్చడం, కుంగిపోయిన స్ప్రింగులు పీకి కొత్తవి బిగించడం, కొలత ప్రకారం ఫోము కోసి అతికించడం అతని పని. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పెదవుల మధ్యకు తెచ్చుకుని కొట్టేవాడు. నోట్లో మేకులుంటే మాట్లాడటం కుదరదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. ఇంట్లో తిట్టుకోవడాలు, గిన్నెలు విసురుకోవడాలు ఏనాడూ లేవు. ఏడాదికేడాది మాటలు తరిగిపోతూ వచ్చి, చివరికి "గ్యాస్ అయిపోయింది", "తలుపు వేశారా" దగ్గర ఆగాయి. ఈ మనిషితో కాపురం చేయడమంటే గోడతో కాపురం చేయడమేనని భార్య కోర్టులో చెప్పింది. సోఫా కాదనలేదు. అక్కడా మాట్లాడలేదు.

వాళ్ళకొక్కతే కూతురు. ముద్దుపేరు గువ్వ. విడిపోయేనాటికి పిల్లకు ఏడేళ్ళు. పిల్ల తల్లి దగ్గర ఉండేటట్టు, నెలలో ఒక శనివారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా తండ్రి దగ్గరికి వచ్చేటట్టు కోర్టులో ఏర్పాటు జరిగింది. మాట్లాడి కుదిర్చిన కౌన్సెలరమ్మ మాత్రం ఒక మెలిక పెట్టింది. ఆడపిల్ల రాత్రి ఉండటానికి శుభ్రమైన చోటు ఉండాలి, అక్కడ వేరే మగవాళ్ళెవరూ ఉండకూడదు.

సోఫా అప్పుడు ఉంటున్నది పని షాపు పైనున్న గదిలో. మూడు మంచాలు, మూడు మేకులకు మూడు తువ్వాళ్ళు, అందరికీ కలిపి ఒకటే ఫ్యాను. ఒక మంచం అతనిది, ఒకటి రాత్రి డ్యూటీకి వెళ్ళి పగలు పడుకునే వంటమాస్టరుది, మూడోది చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయకుండానే నిద్రపోయే ఎలక్ట్రీషియన్‌ది. అక్కడికి పిల్లను ఏ ముఖం పెట్టుకుని తీసుకొస్తాడు.

అప్పుడే అతనికి బస్సు గుర్తొచ్చింది.

ఊరి చివర, బైపాస్ రోడ్డు పక్కన, ఒకావిడ పాత బండ్లను కొని గదులుగా మార్చి లాడ్జి నడిపేది. ఒక సిటీ బస్సు, ఒక లారీ డబ్బా, ఒక పాత వ్యాను. వీటిమధ్య గడ్డి, నాలుగు పూలమొక్కలు, ఆఫీసు అనబడే ఒక రేకుల గది. ఆవిడ భారీ మనిషి. గొంతు అంతకన్నా భారీది. వచ్చినవాళ్ళందరికీ అక్కే. ఆ బస్సును గదిగా మారుస్తున్నప్పుడు దాని సీట్ల పనంతా చేసింది సోఫాయే. సీట్లన్నీ ఊడబెరికి, వెనకాల అడ్డంగా ఉండే పొడుగాటి సీటును మాత్రం ఉంచి, దాన్ని సోఫాగా మార్చాడు. నడుమ మంచం వేశారు. ఒక మూల చిన్న ఫ్రిజ్, స్టవ్వు, వెనక తలుపు దగ్గర బాత్రూము. డ్రైవరు సీటు, స్టీరింగు, హారను, కండక్టరు గంట తాడు ఎక్కడివక్కడే ఉంచేశారు. జనం వచ్చేది వాటికోసమే అనేది అక్క.

మొదటి శనివారం కూతురి చెయ్యి పట్టుకుని సోఫా ఆ ఆవరణలోకి అడుగుపెట్టాడు. గువ్వ బస్సును చూసింది. మెట్లెక్కి లోపలికి తొంగి చూసింది. కర్టెన్లు, మంచం, మంచం మీద రెండు దిండ్లు. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"నాన్నా, ఇది నీ ఇల్లా?"

కాదమ్మా, లాడ్జి, ఈ ఒక్క రాత్రికి అని చెప్పడానికే సోఫా నోరు తెరిచాడు. పిల్ల ముఖం చూశాక నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఆఁ. మన ఇల్లే."

తువ్వాళ్ళు పట్టుకుని వెనకాలే నిలబడిన అక్క చెవిన ఆ మాట పడింది. పిల్ల స్టీరింగు దగ్గర కూర్చున్నాక అతన్ని కుళాయి దగ్గరికి పిలిచింది.

"తమ్ముడూ, రేపు పొద్దున పదకొండింటికి నీ ఇంట్లోకి ఒక పెద్ద కుటుంబం దిగుతోంది. గుర్తుంచుకో."

"నోరు జారిందక్కా. ఈసారికి..."

"ఈసారికి అంటావు. వచ్చే నెల ఏం చెబుతావు?"

అక్క కాసేపు అతన్ని ఎగాదిగా చూసి, "సరేలే, నా కుర్చీలన్నీ కుంగిపోయి ఉన్నాయి, అవి బాగుచేసి పెట్టు. నెలకొకసారి శనివారం బస్సు ఎవరికీ ఇవ్వను. నన్ను మాత్రం పిల్ల ముందు అబద్ధం ఆడమనకు. అడిగితే నవ్వుతాను, అంతే" అంది.

అలా మొదలైంది. ఒకసారి ఇల్లని చెప్పాక దాన్ని ఇల్లులా ఉంచాలి కదా. సోఫా ఒక పెద్ద సంచీ కొన్నాడు. నెలనెలా ఆ శనివారం మధ్యాహ్నమే పని మానేసి, సంచీ భుజానికి తగిలించుకుని లాడ్జికి వచ్చేవాడు. తన చొక్కాలు రెండు కొక్కేనికి తగిలించేవాడు. ఒకటి కావాలనే కాస్త మాసినది. చెప్పులు మంచం కింద, దువ్వెన అద్దం దగ్గర, సగం వాడిన సబ్బు బాత్రూములో. గువ్వ గీసిన బొమ్మలు ఫ్రిజ్ తలుపుకు అతికించేవాడు. ఒక మొక్కను కూడా తెచ్చేవాడు. కుండీని ఒళ్ళో పెట్టుకుని సిటీ బస్సులో కూర్చుంటే ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు ఆకులు తప్పించుకుని పోయేవాళ్ళు. ఒక ముసలాయన ప్రతినెలా అదే బస్సులో కనిపించి, "ఏంటయ్యా, దీన్ని డాక్టరుకి చూపిస్తున్నావా?" అని అడిగేవాడు.

అన్నీ సర్దాక పిల్లను తీసుకురావడానికి వెళ్ళేవాడు. ఆదివారం పొద్దున్నే పార్కుకు పోదామని తొందరపెట్టి ఆమెను బయటికి తీసుకొచ్చేసేవాడు. ఈలోగా అక్క అతని సామానంతా సంచీలో పడేసి ఆఫీసు గదిలో పెట్టేది. పిల్లను తల్లి దగ్గర దించి వచ్చి, సంచీ, కుండీ తీసుకుని గదికి పోయేవాడు.

పిల్లల కళ్ళకు పెద్దవాళ్ళకు కనపడనివి కనపడతాయి.

"నాన్నా, మీ ఇంట్లో ఉల్లిపాయలు ఎందుకు లేవు?" అని అడిగింది రెండో నెలలో.

"అయిపోయాయి."

"పప్పు డబ్బాలు కూడా అయిపోయాయా? ఉప్పు?"

మూడో నెల సంచీలో అరకిలో ఉల్లిపాయలు, ఉప్పు డబ్బా, వాడిన అగ్గిపెట్టె చేరాయి. మళ్ళీ నెల, "మీ ఇంట్లో దుమ్ము అస్సలు ఉండదు నాన్నా, అమ్మ ఎంత ఊడ్చినా మా ఇంట్లో ఉంటుంది" అని మెచ్చుకుంది. దుమ్ము ఎక్కడినుంచి తేవాలో తెలియక సోఫా ఆ మెచ్చుకోలు అలాగే తీసుకున్నాడు.

అతను ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఆ బస్సులో అతనికి మాటలు వచ్చాయి. గువ్వ డ్రైవరు సీటులో కూర్చునేది. కాళ్ళు అందవు, స్టీరింగు మీద గడ్డం ఆనేది. సోఫా వెనక నిలబడి కడ్డీ పట్టుకునేవాడు.

"ఎక్కడ దిగాలండీ?"

"మీరు ఎక్కడ దించితే అక్కడ."

"అలా కుదరదు. టికెట్టు మీద ఊరు పేరుంటుంది, చూసి చెప్పండి."

"కళ్ళజోడు మర్చిపోయానండీ. చివరి స్టాపుకు పోనివ్వండి."

"చివరి స్టాపు చాలా దూరం. మీ ఇంట్లోవాళ్ళు ఎదురుచూడరా?"

"మా అమ్మాయికి చెప్పే వచ్చాను."

"అయితే గట్టిగా పట్టుకోండి. ముందు గుంతలున్నాయి."

కదలని బస్సులో ఇద్దరూ ఊగేవాళ్ళు. దారిలో ఏమేం కనపడుతున్నాయో ఆమె చెప్పేది, వాటిలో ఏది నిజం కాదో అతను వాదించేవాడు. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఆగిపోయేవాడు. పెళ్ళయిన అన్నేళ్ళలో భార్యతో ఇన్ని మాటలు మాట్లాడి ఉంటే ఏమయ్యేదో అనుకునేవాడు. అనుకుని ఏం లాభం.

తక్కిన రోజుల్లో మళ్ళీ మేకులే. పని, గది, మంచం. వంటమాస్టరు అతను లేచేసరికి వచ్చి పడుకునేవాడు, అతను వచ్చేసరికి వెళ్ళిపోయేవాడు. ఎలక్ట్రీషియన్ తల ఊపేవాడు, అది పలకరింపో, పాటకు తాళమో తెలిసేది కాదు.

రెండో ఏడాదిలో ఒకసారి గువ్వ దిండు కిందినుంచి ఒక జడ క్లిప్పు తీసింది. ఆకుపచ్చ రంగుది, చిన్న రాళ్ళు పొదిగినది.

"ఇదెవరిది నాన్నా?"

ముందురోజు రాత్రి అక్కడ పడుకున్న ఎవరో ఆడమనిషిది. సోఫా అబద్ధం చెప్పడానికి కూడా ఏదీ తట్టక, "ఏమో" అన్నాడు. గువ్వ అతన్నీ, క్లిప్పునూ మార్చి మార్చి చూసి, దాన్ని అద్దం దగ్గర అతని దువ్వెన పక్కన జాగ్రత్తగా పెట్టింది.

రెండు రోజుల తర్వాత భార్య ఫోను చేసింది. భార్య కాదు ఇప్పుడు, గువ్వ వాళ్ళమ్మ. ఆమె ఫోను చేయడమే అరుదు.

"ఎవరైనా ఉంటే ఉండనివ్వండి. నేను తప్పుపట్టను. పిల్లకు మాత్రం ముందుగా చెప్పండి, ఒక్కసారిగా ఎదురుపడితే బెదిరిపోతుంది."

లేదని చెప్పాలంటే ఆ దిండు ఎవరిదో చెప్పాలి. "సరే" అన్నాడు సోఫా. ఫోను పెట్టేశాక చాలాసేపు ఫోము ముక్క చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆ క్లిప్పు మనిషి ఎలా ఉంటుందో అని కొన్నాళ్ళు అనుకుంటూ ఉండేవాడు. గదికి వెళ్ళేటప్పుడు, ఇప్పుడామె అన్నం వండి ఉంటుంది అన్నట్టు రెండడుగులు వేగంగా వేసి, తనకే సిగ్గేసి నెమ్మదించేవాడు.

గువ్వకు పదేళ్ళు వచ్చాయి. ఆ ఏడు ఆమె బళ్ళో కొత్తగా చేరిన పిల్లలు కొందరు, మా ఇంట్లో అదుంది, మా ఇంట్లో ఇదుంది అని గొప్పలు పోతుంటే, గువ్వ మా నాన్నది బస్సిల్లు అని చెప్పింది. ఆ మాట ఆమె కల్పించుకున్నదే. స్టీరింగు ఉంటుంది, హారన్ కొడితే మోగుతుంది, గంట తాడు లాగితే ఫ్రిజ్ దగ్గర గణగణమంటుంది. ఎవరూ నమ్మలేదు. బస్సులో ఎవరైనా ఉంటారా, బిచ్చగాళ్ళు తప్ప, అని ఒక పిల్ల అంది. దాంతో గువ్వకు పౌరుషం వచ్చింది. ఒంటిపూట బడి ఉన్న ఒక గురువారం, ఆ పిల్లనూ, ఇంకొకత్తెనూ వెంటబెట్టుకుని సిటీ బస్సెక్కి లాడ్జికి వచ్చేసింది. దారి ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నాన్న పనిలో ఉన్నా, తాళం ఎక్కడో అక్కడ ఉంటుందనుకుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో సోఫాకు అక్క చెప్పింది. అక్క అప్పుడు వెనకాల దుప్పట్లు ఆరేస్తోంది. పిల్లలు గేటు దాటి నేరుగా బస్సు దగ్గరికి పోయారు. తలుపు తీసే ఉంది. గువ్వ ముందు, తక్కిన ఇద్దరూ వెనక, మెట్లెక్కారు. లోపల మంచం మీద ఒక పెద్దాయన బనియనుతో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన భార్య తలకు తువ్వాలు చుట్టుకుని పెట్టె సర్దుతోంది.

"ఎవరు కావాలమ్మా?" అందావిడ.

"ఇది మా నాన్న ఇల్లు" అంది గువ్వ.

పెద్దాయన నవ్వాడట. చెడ్డ మనిషేమీ కాదు, పిల్ల తమాషా చేస్తోందనుకున్నాడు. "అలాగా. అయితే మీ నాన్నకు చెప్పు, గీజరు పనిచేయట్లేదని" అన్నాడు. వెనకనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. గువ్వ ఫ్రిజ్ వైపు చూసింది. తలుపు మీద బొమ్మలు లేవు. కొక్కేనికి వేరే చొక్కా. మొక్క లేదు. అక్క వచ్చేసరికి తక్కిన పిల్లలిద్దరూ గేటు దాటి, నవ్వుకుంటూ బస్టాపు వైపు పరుగెడుతున్నారు. గువ్వ మెట్ల మీదే నిలబడి ఉంది.

అక్క ఫోను చేసేటప్పటికి సోఫా ఒక దివానుకు అడుగు పట్టీలు కొడుతున్నాడు. నోట్లోని మేకులు నేలమీద ఉమ్మేసి లేచాడు. ఏమీ చెప్పకుండా బయటపడ్డాడు. జుట్టులో ఫోము నలుసులు అలాగే ఉన్నాయి.

గువ్వ ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. అక్క ఇచ్చిన బిస్కట్లు ముట్టలేదు. తండ్రిని చూసి ఏడవలేదు, లేవలేదు.

"నా బొమ్మలేవి?" అంది.

"నా దగ్గరున్నాయమ్మా."

"నీ దగ్గరంటే ఎక్కడ?"

అక్క ఏదో సర్దిచెప్పబోయింది. "చూడమ్మా, మీ నాన్న మంచివాడే..."

"మీకు తెలుసా?" అంది గువ్వ ఆమె వైపు తిరిగి.

అక్క మూడేళ్ళ క్రితం చెప్పిన మాట ప్రకారం నవ్వబోయింది. నవ్వు రాలేదు. "తెలుసు" అని, తలవంచుకుని దుప్పట్లు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"నువ్వెక్కడుంటావు?" అని గువ్వ మళ్ళీ అడిగింది. "నిజంగా."

"చూస్తావా?"

పిల్ల తల ఊపింది.

ఇద్దరూ సిటీ బస్సులో వచ్చారు. సీట్లు ఖాళీగా ఉన్నా గువ్వ అతని పక్కన కాక ముందు సీట్లో కూర్చుంది. షాపు పక్కనున్న ఇనుప మెట్లు ఎక్కి, సోఫా గది తలుపు తోశాడు. వంటమాస్టరు వెల్లకిలా పడి గుర్రు పెడుతున్నాడు. గదంతా జిగురు వాసన, కింది షాపులోంచి కుట్టుమిషన్ చప్పుడు. గువ్వ గడప దగ్గరే నిలబడి, మూడు మంచాలూ చూసింది.

"ఏది నీది?"

చూపించాడు. ఆమె వెళ్ళి మంచం అంచున కూర్చుంది. కింద ఉన్న సంచీ ఆమె కాలికి తగిలింది. వంగి జిప్పు తీసింది. బొమ్మలు, చొక్కాలు, సగం సబ్బు, ఉప్పు డబ్బా. అడుగున మొలకెత్తిన ఉల్లిపాయలు. ఒక్కొక్కటే తీసి చూసి, ఎలా ఉన్నవి అలా మళ్ళీ పెట్టేసి జిప్పు వేసింది.

"మిగతా రోజులన్నీ ఇక్కడేనా?"

"ఆఁ."

"రాత్రిళ్ళు ఎవరితో మాట్లాడతావు?"

సోఫా ఆలోచించాడు. ఇక ఈ పిల్లకు అబద్ధం చెప్పే ఓపిక లేదు. "ఎవరితోనూ మాట్లాడను."

వంటమాస్టరు పక్కకు తిరిగి పడుకున్నాడు. గువ్వ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అతనికేసి చూడకుండా అంది. "నేను క్లాసులో అందరికీ చెప్పాను నాన్నా. వాళ్ళు నమ్మకపోతే ఒట్టు కూడా వేశాను. నువ్వు నాకొక్కదానికైనా చెప్పుండాల్సింది. నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు."

సోఫా క్షమించమ్మా అన్నాడు. అది ఆమెకు వినపడిందో లేదో తెలియదు, మిషన్ చప్పుడు గట్టిగా ఉంది.

సోఫా ఫోను చేస్తే, సాయంత్రం గువ్వ వాళ్ళమ్మ షాపు దగ్గరికి వచ్చింది. ఆమె అరవలేదు. పిల్లను కొంచెం దూరంలో నిలబెట్టి, మెట్ల కింద సోఫా ఎదురుగా నిలబడింది. జుట్టులో రెండు తెల్ల వెంట్రుకలు కొత్తగా కనిపించాయి. సోఫా చెప్పిందంతా విన్నాక, ఆమె అడిగిన మొదటి ప్రశ్న అతను అనుకున్నది కాదు.

"అయితే ఆ క్లిప్పు?"

"ఎవరో మర్చిపోయి వెళ్ళినది."

"అంటే ఎవరూ లేరా?"

"లేరు."

ఆమె పైనున్న గది కిటికీ వైపు ఒకసారి చూసింది. "ఉన్నారనుకున్నాను" అంది నెమ్మదిగా. "ఉన్నారనుకుని కాస్త స్థిమితపడ్డాను. పోనీలే, ఆ మనిషికి అన్నం పెట్టేవాళ్ళు ఒకరు దొరికారని." పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. తనను తిట్టినా బాగుండేదనిపించింది సోఫాకు.

తర్వాతి నెల గువ్వ రానంది. ఆ పై నెల కూడా రానంది. బలవంతం చేయనని తల్లి చెప్పింది. సోఫా కూడా చేయమనలేదు. అయినా శనివారం వచ్చేసరికి కాళ్ళు ఊరుకోలేదు. సంచీ లేకుండా, మొక్క లేకుండా ఒట్టి చేతులతో లాడ్జికి వెళ్ళాడు. అక్క అతన్ని చూసి, బస్సు తాళం తీసి ఇచ్చింది.

పొద్దు వాలుతోంది. అతను వెనక పొడుగాటి సీట్లో కూర్చున్నాడు. తను కుట్టిన కుట్లు వేళ్ళతో తడిమి చూశాడు. ఒకచోట దారం తెగి ఉంది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా ఉంది, కొక్కేలు ఖాళీగా ఉన్నాయి, అద్దం దగ్గర రెండు చిన్న షాంపూ పొట్లాలు అతిథుల కోసం పెట్టి ఉన్నాయి. మూడేళ్ళుగా తను వచ్చింది ఈ గదికేనా అనిపించింది. ఎప్పుడూ చూడని చోటులా ఉంది. ముందుకు వెళ్ళి డ్రైవరు సీటు పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. కాసేపటికి బయటికొచ్చి తాళం తిరిగి ఇచ్చేశాడు.

"అప్పుడే వెళ్తున్నావేం తమ్ముడూ. ఈ రాత్రికి ఎవరూ రావట్లేదు, ఉండు."

"వద్దక్కా. దీన్ని శనివారాలు కూడా అద్దెకిచ్చుకోండి."

"అమ్మాయి మనసు మారితే?"

"మారినా ఇక్కడికి రాదు" అన్నాడు. వెనక సీటు కుట్టు ఒకటి తెగిందని, పగలు వచ్చి వేసి వెళ్తానని చెప్పాడు. చెప్పినట్టే వచ్చి వేశాడు. తర్వాత మళ్ళీ ఆ వైపు పోలేదు.

ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. ఒంటరి మగవాడంటే ఇళ్ళవాళ్ళు తలుపు సగమే తీసేవాళ్ళు. ఇంట్లో ఎవరెవరుంటారు అని అడిగితే, "నేనే" అనేవాడు. మూడేళ్ళ అబద్ధం తర్వాత అలా చెప్పడం అతనికి ఒకరకంగా తేలికగానే ఉండేది. ఆ ఏడు చివరికి, రెండంతస్తుల మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక గది, ఒక చిన్న వంటిల్లు దొరికాయి. ట్యాంకు నిండినప్పుడల్లా గోడ లోపలినుంచి ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు చప్పుడొచ్చేది. పక్క వాటాలో చెవుడున్న ఒక రిటైరైన మాస్టారు ఉండేవాడు. సోఫా రెండు మంచాలు వేశాడు. ఒకదానికి పరుపు తన చేతులతో కుట్టాడు. మంచి ఫోము, మధ్యలో గట్టిది, పైన మెత్తది.

కబురు పంపాడు. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. రాత్రి ఉండదట, ఆదివారం పగలు వస్తుందట.

గువ్వ వచ్చింది. పొడుగైంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నడుమ నిలబడి చుట్టూ చూసింది. వంటింట్లోకి వెళ్ళి డబ్బాల మూతలు తీసింది. మంచం కింద వంగి చూసింది. కిటికీ రెక్క మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుంది. సోఫా తలుపు పక్కన, పరీక్షకొచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు.

ఆమె బయటికి వెళ్ళి పక్క వాటా తలుపు కొట్టింది. సోఫాకు అంతా వినపడుతూనే ఉంది, మాస్టారితో గట్టిగా మాట్లాడక తప్పదు కాబట్టి.

"తాతగారూ, ఆ పక్క గదిలో ఎవరుంటారండీ?"

"ఎవరూ?"

"పక్క గదిలో. ఎవరుంటారు?"

"సోఫాలు కుడతాడే, ఆయన."

"రోజూ ఉంటాడా?"

"రోజూ ఎందుకుండడు. ఇల్లు కదమ్మా."

గువ్వ తిరిగి వచ్చింది. అవమానంతో సోఫా తల ఎత్తలేకపోయాడు. అలాగని కోపం రాలేదు. అడిగే హక్కు పిల్లకుంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆకలేస్తోంది" అంది.

అన్నం, గుడ్డు కూర వండాడు. తిన్నారు. అతను బడి గురించి అడిగాడు, ఆమె చెప్పింది. ఆమె అడగకపోయినా అతను తన పని గురించి చెప్పాడు. ఎవరో పాత సోఫా విప్పితే లోపల చెంచాలు, దువ్వెనలు, ఒక పళ్ళసెట్టు కూడా దొరికాయని చెప్పాడు. పళ్ళసెట్టు దగ్గర ఆమె నవ్వింది. తర్వాత మళ్ళీ మాటలు అయిపోయాయి. ఇద్దరూ ట్యాంకు నిండుతున్న చప్పుడు వింటూ కూర్చున్నారు. ఆమె ఒకసారి ఆ రెండో మంచం మీద చేత్తో నొక్కి చూసి, "మెత్తగా ఉంది" అంది. పడుకుని చూడలేదు.

సాయంత్రం తల్లి వచ్చి వీధిలో నిలబడింది. గువ్వ మెట్లు దిగుతూ, సగం దాకా వెళ్ళి, "వస్తాను నాన్నా" అంది. మళ్ళీ ఎప్పుడు అని అడగాలనిపించి అతను పిట్టగోడ దాకా వచ్చాడు. తల్లీకూతుళ్ళు అప్పటికే వీధి మలుపు తిరుగుతున్నారు.

ఆ తర్వాత ఆమె కొన్ని ఆదివారాలు వచ్చింది. కొన్ని రాలేదు. వచ్చినరోజు మధ్యాహ్నం దాకా ఉండేది, ఒక్కోసారి చీకటిపడే దాకా ఉండేది. రాత్రి మాత్రం ఉండలేదు. ఉండమని అతనూ అడగలేదు. అడిగితే ఆలోచించి సరేనంటుందేమో, కాదంటుందేమో. రెండింటిలో దేనికీ అతను సిద్ధంగా లేడు.

మొదటి ఆదివారం ఆమె వెళ్ళిపోయాక మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీ అమ్మాయా?"

"ఆఁ."

"ఏమన్నారూ?"

"మా అమ్మాయేనండీ" అని గట్టిగా చెప్పాడు సోఫా. అంత గట్టిగా మాట్లాడటం అతనికి అలవాటు లేదు.

మాస్టారు తల ఊపి, ఇంకేమైనా చెబుతాడేమోనని కాసేపు నిలబడ్డాడు. సోఫా కూడా నిలబడ్డాడు. చివరికి మాస్టారు, టీ పెట్టుకుంటున్నాను తాగుతారా అని అడిగాడు. సోఫా వద్దనబోయి, లోపలి రెండు మంచాల వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి ఆయన వెనకాల వెళ్ళాడు.